అక్క శ్రుతి

మొన్న మా మనవరాలు సాధనకు కూర్చుంటూ, నన్నూ ఒక కృతి పాడమని బతిమాలి, ఫోన్‌లో శ్రుతి పెట్టడానికి నాది ఎంతని అడిగింది. చటుక్కున ఐదున్నర అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది, ఎందుకంటే నా గొంతు ఏనాడూ నాలుగున్నర దాటలేదు. ఐదున్నర మా అక్కది, పెద్దనాన్న కూతురిది.

మాదన్నపేటలో మాది పాల వ్యాపారం. పొద్దున్నే వాడుక ఇళ్లకు పాలు పోసి, అక్కా నేనూ మలక్‌పేటలో టీచరమ్మ ఇంటికి నడిచి వెళ్లేవాళ్లం. నాకు నెల పట్టే కృతి అక్కకు వారంలో వచ్చేది. ఆమె పై షడ్జం మీద, ఆ ఎత్తైన 'స' మీద నిలబడితే వీధిలో కూరగాయల బండాయన కూడా కాసేపు ఆగేవాడు, నా కడుపు రగిలిపోయేది. పాఠం రోజున ఆమెకు జ్వరమొస్తే బాగుండునని కోరుకున్న సందర్భాలూ ఉన్నాయి, ఈ వయసులో దాచడమెందుకు?

అక్క ముందటేడే పాడేసింది గనుక, ఆ ఏడు సంతోష్‌నగర్ నవరాత్రి పందిట్లో ఒక్కదాన్నే పాడే వంతు మొదటిసారి నాకొచ్చింది. శ్రుతిపెట్టెతో నా వెనక అక్కే కూర్చుంది. ఆమెకంటే కింది శ్రుతిలో పాడి నలుగురూ మా ఇద్దరినీ పోల్చి చూడటం భరించలేక, ఐదున్నర పెట్టమన్నాను.

"గది నీ గొంతుకు ఎక్కువైతదే, ఆగమైతవ్" అని గుసగుసగా చెప్పింది. నేను వినలేదు.

పల్లవి ఎలాగో గడిచింది. అనుపల్లవిలో పై షడ్జం దగ్గర గొంతు ఆగిపోయింది, నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. అప్పుడు నా భుజం వెనక నుంచి అక్క, గొంతు నాలాగే కాస్త బొంగురు చేసుకుని, ఆ స్వరాన్ని మైకులోకి ఎత్తింది. జనం నాకు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ ఒక్కతే తల దించుకుంది.

పాట అయ్యాక అక్క నా చేయి పట్టుకుని "మస్తు పాడినవే" అంది, ఎగతాళి లేకుండా. నాకు కృతజ్ఞత కలగలేదు. గొంతే కాదు, మనసు కూడా ఆమెదే పెద్దదవ్వాలా అని ఇంకాస్త కుళ్లుకున్నాను. ఆ స్వరం నాది కాదని నేను ఎవరికీ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఫోన్‌ను వేలితో తాకితే ఎవరి శ్రుతి వారికి పలుకుతుంది, వెనక మనిషి కూర్చోనక్కర్లేదు. మొన్న కూడా ఐదున్నరలోనే ఎత్తుకుని, పై షడ్జం దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయి, తెలియకుండానే వెనక్కి తిరిగి చూశాను. అక్క పోయి రెండేళ్లయింది. ఫోన్‌లో ఆమె శ్రుతి మాత్రం మోగుతూనే ఉంది.