జంపఖానా వీపు

కొత్తవాడ రాజమల్లు ఎవరింటికి పోయినా మనుషుల ముఖాలు తర్వాత చూస్తాడు. ముందు కింద పరిచిన జంపఖానా అంచు పట్టి లేపి, దాని వీపు చూస్తాడు. పెళ్లయినా, పంచాయితీ అయినా, పరామర్శ అయినా ఇదే వరస. కార్పొరేటర్ పద్మలతకు ఆయన కన్నతండ్రి కాబట్టి, ఈ వరసకు వరంగల్లో ప్రచారం కూడా బాగానే ఉంది.

తప్పు ఆయనది కాదంటారు బంధువులు. తండ్రి గట్టయ్య జంపఖానాలు నేసేవాడు. ఉయ్యాల కూడా మగ్గం గుంజకే కట్టారు. పోగులను బిగగొట్టే పంజా చప్పుడుకు పసివాడు హాయిగా నిద్రపోయేవాడు. గట్టయ్య చాయ తాగుదామని చెయ్యి ఆపితే గుక్కపట్టేవాడు. కొడుకు నడక నేర్చేదాకా గట్టయ్య వేడి చాయ ఎరగడని వాడకట్టంతా చెప్పుకునేది.

బడికి పంపితే మొదటి రోజే సారు కూర్చున్న జంపఖానా లేపాడు. సారు కూడా లేచాడు. చదువు అక్కడితో అయిపోయింది.

పెళ్లినాడు పీటల మీది నుంచి మాయమయ్యాడు. వెతికితే పందిట్లో జంపఖానా కింద దొరికాడు.

"ముహూర్తం దాటిపోతాంది, బయటికి రా."

"ఈ మూల ఒక్కటుంది, ఆగుండ్రి."

"గా మూలకే తాళి కట్టకపోయినవ్" అని భార్య చిలుకమ్మ ఇప్పటికీ అంటుంది.

కూతురు సభ ఎక్కడ పెట్టినా అందరికన్నా ముందు వెళ్లేది ఆయనే. తన ఉపన్యాసమంటే నాయినకు పాణమని పద్మలత మురిసిపోయేది.

ఈసారి మాత్రం ఆమెకు భయం పట్టుకుంది. ఎమ్మెల్యే టికెట్ తేల్చే పార్టీ ప్రెసిడెంటు తమ ఇంటికే భోజనానికి వస్తున్నారు.

"నాయినా, నీకు దండం పెడ్త. సారు పోయేదాక కిందికి చూడకు."

"మరి యాడ చూడాలె?"

"ఫ్యాన్ చూడు."

ప్రెసిడెంటు వచ్చి సోఫాలో కూర్చున్నారు. రాజమల్లు ఫ్యాన్ చూశాడు.

"పెద్దాయనా, మీ చిన్నతనం ముచ్చట జర చెప్పుండ్రి. ప్రచారంల వాడుకుందాం" అన్నారు ప్రెసిడెంటు.

చిన్నతనం అనగానే రాజమల్లు మెడ దానంతటదే వంగింది. "సారూ, జర కుడికాలు లేపుండ్రి."

ప్రెసిడెంటు లేపారు. రాజమల్లు మోకాళ్ల మీద కూర్చొని, అంచు మడిచి, తల లోపల పెట్టాడు. టికెట్ కూడా ఆ వెనకే పోతున్నట్టు తోచింది పద్మలతకు. తండ్రిని బయటికి గుంజుదామని తానూ వంగింది. ఆయన చేతిలో సూది ఉంది. జారి వేలాడుతున్న పోగును నేతలోకి కలుపుతున్నాడు.

"ఏం పని నాయినా గిది?" అంది గుసగుసగా.

"మన వాడకట్టు కట్టమ్మ నేసింది బిడ్డా. ముసల్దానికి కండ్లు మసకలైనయ్, పోగులు వదిలేస్తాంది. కొన్నోళ్లు వాపసు తెస్తే నేత సంఘపోళ్లు నూలిచ్చుడు బందు పెడ్తరు. మగ్గం దిగితే ఆగమైతది."

"ఆమెకు ఎరుకేనా?"

"చెప్తే ఊకుంటదా? నాకే పని రాదని తిడ్తది. నాదెట్లా పాత అలవాటాయె, ఎవలికీ అనుమానం రాదు."

"మరి నా మీటింగులకొచ్చేది?"

"టెంటుహౌజోళ్లు పరిచేటియన్నీ ఆమె నేసినయే."

"నా ఉపన్యాసం ఎన్నడన్న విన్నవా?"

"కిందికి గూడ మంచిగనే వినబడ్తది."

ప్రెసిడెంటు కాలు గాలిలో పెట్టుకునే అడిగారు. "ఏం పోయిందమ్మా కింద?"

పద్మలత జంపఖానా అంచు రెండు చేతులా బిగించి పట్టింది. "ఏం పోలేదు సార్. పోకుంట చూస్తానం. ఎడమకాలు గూడ లేపుండ్రి."

ప్రెసిడెంటు రెండు కాళ్లూ సోఫా మీదికి మడుచుకున్నారు. టికెట్ సంగతి ఆ తర్వాత చాలాసేపు, తల కిందికి వంచే మాట్లాడవలసి వచ్చింది ఆయనకు.