సైదా భాయ్ బైనాక్యులర్స్, నేను కుట్టిన పాలపిట్ట

ముందే చెబుతున్నా. ఇది జోక్ కాదు.

సైదా భాయ్ లేడు. నిన్న తెల్లారేసరికి, నిద్రలోనే పోయాడు.

వాళ్ల అమ్మాయి షమీమ్ ఫోన్ చేసి "బాబాయ్, మా అబ్బా ఎంత లేపినా లేవట్లా" అంది. నేను నవ్వాను. ఇన్నేళ్ల నా తుంటరి పనులన్నిటికీ కలిపి ఒకేసారి బదులు తీర్చుకుంటున్నాడు అనుకున్నా. తీరిగ్గా చొక్కా గుండీలు పెట్టుకుని మరీ వెళ్లా.

చూశాక నలుగురికి ఫోన్ చేశా. నలుగురూ నన్నే తిట్టారు. "ఇట్టాంటి వాటితో పరాచికాలేందిరా, పెట్టెయ్ ఫోను."

నా నోటి పుణ్యాన అంత మంచి మనిషి చావు కబురు కూడా ఎవరూ నమ్మలేదు. అందుకే రాస్తున్నా.

తెలియని వాళ్ల కోసం. గురజాలలో నా టైలర్ షాపు పక్కనే ఆయన పంక్చర్ షాపు. అంతకుముందు చాలా ఏళ్లు నాపరాయి క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టాడు. ఆ మిషన్ పోతూ పోతూ చేతుల్లో వణుకు వదిలేసి పోయింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు.

ఆ మనిషికి ఒకటే పిచ్చి. పిట్టలు.

ఆయన కొట్టిన క్వారీ గుంతే ఇప్పుడు నీళ్లతో నిండి, చుట్టూ తుమ్మచెట్లు మొలిచి, పిట్టల ఊరైపోయింది. రోజూ షాపు తెరిచేముందు గంటసేపు అక్కడే.

బైనాక్యులర్స్ కొనాలని ఎంత కాలం తిరిగాడో. బొమ్మల షాపులోది కొంటే ఒక పిట్ట రెండుగా కనపడింది. ఫారిన్‌ది అడిగితే గేదె ధర చెప్పారు. ఇక మిగిలింది మధ్యరకం. అదైనా ఆయనకు జన్మలో ఒక్కసారి కొనే వస్తువే. తప్పుది కొంటే బతికినంత కాలం దాంతోనే.

నరసరావుపేటలో తెలిసిన కళ్లద్దాల షాపాయన రెండు జతలు చేతిలో పెట్టాడు. వారం చూసుకుని ఒకటి తిరిగిచ్చెయ్యమన్నాడు. ఒకటి పన్నెండు రెట్లు దగ్గరగా చూపించేది. రెండోది ఎనిమిది రెట్లు. ధర ఒకటే.

నేను టెన్త్ ఫెయిల్, సలహాల్లో డిగ్రీ. "పన్నెండే తీసుకో భాయ్. ఎనిమిది హెచ్‌పీ మోటారు కంటే పన్నెండు హెచ్‌పీది ఎక్కువ లాగదా?" అన్నా.

ఆయనకీ అదే సబబనిపించింది. మన వైపు ఏ వస్తువైనా బోరు మోటారు కొన్నట్టే కొంటాం కదా.

ఎనిమిది నంబర్‌ది పెట్టెలోనే ఉంచి, వారం చివర్లో తిరిగిచ్చేద్దామని ఫిక్స్ అయ్యాడు.

నా చేతులు ఊరుకోవు. నీలం లైనింగ్ గుడ్డతో ఒక పాలపిట్టను కుట్టా. లోపల చిలకలూరిపేట దూది. రెక్కలకి కోడి ఈకలు. సాయంత్రం వెళ్లి గుంత అవతలి తుమ్మచెట్టుకి కట్టేసి వచ్చా. మర్నాడు పొద్దున్నే, నవ్వు బిగబట్టుకుని ఆయన వెనకాలే వెళ్లా.

పన్నెండు నంబర్‌తో చూశాడు. గొంతు తగ్గించాడు.

"పాలపిట్టరా. పొద్దుపొద్దున్నే."

పది నిమిషాలు చూశాడు.

"కదలట్లేదేంది భాయ్?" అన్నా, అమాయకంగా.

"నా చేతులే కదుల్తన్నయ్. ఇంక పిట్ట కదిలిందో లేదో నాకేం తెలుస్తది?"

ఆ మాటకి నా నవ్వు సగం చచ్చింది.

ఎందుకో సంచిలో ఉన్న పెట్టెలోంచి ఎనిమిది నంబర్‌ది తీశాడు. తన కళ్లద్దాలకి అడ్డం రాకుండా దాని రబ్బరు కప్పులు కిందికి తిప్పాడు. మోచేతులు రాయి మీద ఆనించాడు.

"ఏడుకొండలూ," అని నన్ను పిలిచాడు.

"ఆఁ."

"ఈ పిట్ట పొట్ట కింద కుట్టుంది."

నేను ఆకాశం వైపు చూశా.

"కుట్టు వంకరగా ఉంది. మొన్న నా పైజమాకీ ఇదే వంకర. నెలకే ఊడింది. ఇది నీ కుట్టేరా."

తిడతాడనుకున్నా. ఆయన రెండు జతలూ మార్చి మార్చి ఇంకో అరగంట ఆ గుడ్డ పిట్టనే చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "పన్నెండుది పిట్టతో పాటు నా వణుకుని కూడా పన్నెండు రెట్లు చేస్తందిరా."

ఆ రోజే బస్సెక్కి పన్నెండుది తిరిగిచ్చేశాడు.

ఆ పిట్టను మాత్రం తీయనివ్వలేదు. మాచర్ల నుంచి, దాచేపల్లి నుంచి ఏ బైనాక్యులర్స్ కొనాలో అడగడానికి ఎవరొచ్చినా గుంత దగ్గరికి తీసుకెళ్లేవాడు. "దాని పొట్ట చూడండి. కుట్టు కనపడితే కొనుక్కోండి. టైలర్ ఎవరో కూడా తెలిసిపోతే అస్సలు వదలమాకండి" అనేవాడు.

ఆయన్ని ఏడిపించడానికి కట్టిన పిట్టతో నా దుకాణం పరువు మూడు మండలాల్లో తీశాడు.

ఆ బైనాక్యులర్స్ నాకూ ఇచ్చేవాడు. "ఒక్కసారి చూడరా." నేను ప్రతిసారీ తిరగేసి పట్టుకుని ఆయన్నే చూసేవాణ్ని. "భాయ్, చానా చిన్నోడివైపోయావ్."

ప్రతిసారీ నవ్వేవాడు. అదే జోక్‌కి, అన్నిసార్లు.

నిన్న ఆయన ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ నా కత్తెరతోనే కోశారు. దానికి కుట్టు ఉండదట. ఇన్నేళ్లు నా కుట్టుని తిట్టిన మనిషికి చివర్లో ఒక్క కుట్టు కూడా వేసే అవకాశం రాలేదు.

ఇవాళ పొద్దున షమీమ్ వచ్చి ఆ బైనాక్యులర్స్ నా మెడలో వేసింది. "తన తర్వాత నీకే అనేవాడు బాబాయ్. తిరగేసి పట్టుకోవద్దని కూడా చెప్పమన్నాడు" అంది.

గుంత దగ్గరికి వెళ్లా. మొదటిసారి సరైన వైపు నుంచి చూశా.

నా పాలపిట్ట ఎండకి తెల్లబడిపోయింది. పొట్ట కుట్టు ఊడి దూది వేలాడుతోంది. బొటనవేలంత పిట్ట ఒకటి, పొట్ట పసుపు రంగు, ముక్కుతో ఆ దూది లాక్కుని ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ లాక్కుంది. గూడు కట్టుకుంటోంది.

నా చేతులు కూడా వణుకుతున్నాయి. అయినా పిట్ట స్పష్టంగానే కనపడింది.

"భాయ్, ఇదేం పిట్ట?" అని పక్కకి తిరిగా.

సైదా భాయ్, నువ్వన్నట్టే నా కుట్టు ఊడిపోయింది. ఎవరి ఇంటికో పనికొస్తోంది.

చేతులు వణకని చోట హాయిగా పడుకో. నీ పిట్టల్ని నేను చూస్తుంటా. తిరగేయకుండా.