రత్తమ్మగారి "బాగుందండీ"

నా పరువు కృష్ణలో కలిసిన కథ ఇది. కలిపింది నా సొంత పేషెంటు, అదీ మా పెద్ద డాక్టరు మేడమ్ ఎదురుగా. ముహూర్తం పెట్టుకున్నది మాత్రం నేనే. నవ్వుకోండి, పర్లేదు.

అప్పుడే గుణదల ఆసుపత్రిలో మానసిక వైద్యుడిగా చేరాను. నేల మీద నడవని రోజులవి. మేడమ్‌ది ఒకటే పోరు: "పేషెంటు వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు అడగాలయ్యా. నిద్ర, తిండి, పనిపాటలు. తగ్గిందో పెరిగిందో తెలియాలి కదా!"

"ఇదేమైనా జ్వరమా మేడమ్, కొలవడానికి? మొహం చూసి చెప్పేస్తాను. కావాలంటే మా రత్తమ్మగారిని చూడండి!"

రత్తమ్మగారు కైకలూరులో చేపలమ్మేది. భర్త పోయాక దిగులుతో మంచం పట్టింది. రెండోసారి నుంచీ నా దగ్గరికి వచ్చినప్పుడల్లా నవ్వుతూ "మీ దయవల్ల బాగుందండీ" అనేది. నేను అదే మాత్ర మళ్ళీ రాసి, కాలరెగరేసేవాణ్ణి.

ఆవిడ మళ్ళీ వచ్చిన రోజు మేడమ్ వచ్చి నా పక్కన కూర్చున్నారు. "నిద్ర పడుతోందా అమ్మా?"

"ఎక్కడండీ! కోడి కూసేదాకా దొర్లటమే."

"అన్నం తింటున్నారా?"

"సయించట్లేదండీ."

"చేపలు అమ్ముతున్నారా?"

"ఆయన పోయాక తట్ట ముట్టుకుంటే ఒట్టండీ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మరి బాగుందన్నారు కదా రత్తమ్మగారూ!" అన్నాను, దాదాపు ఏడుస్తూ.

ఆవిడ మేడమ్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మొదట్లో ఓసారి బాగోలేదన్నానండీ. బాబు మొహం ఇంతైపోయింది. చిన్నపిల్లోడు, పాపం, బెంగెట్టుకుంటాడని... ఈ బాబన్నా సంతోషంగా ఉంటాడని అట్టా అంటన్నానండీ."

మేడమ్ నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. రత్తమ్మగారి మీద చెప్పలేనంత ప్రేమా పుట్టుకొచ్చింది. అంత దిగులు మోసుకుంటూ ఇన్నాళ్ళూ బస్సెక్కి వచ్చింది నాకు వైద్యం చెయ్యడానికన్నమాట!

మందు మార్చాం. వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు, వదలకుండా అడిగాను. నిద్ర మెల్లగా దారిలో పడింది, తర్వాత ఆకలి. ఒకరోజు ఆవిడ లోపలికొచ్చి కూర్చోకుండానే గయ్యిమంది: "తొందరగా అడగండి బాబూ! బస్సెళ్ళిపోద్ది, అవతల తట్టలో చేపలు పాడైపోతయ్!"

నా జన్మలో ఏ తిట్టూ అంత కమ్మగా వినపడలేదు.

అందుచేత మెళ్ళోని స్టెతస్కోపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మన కృష్ణా జిల్లాలో ఎవరు "బాగుందండీ" అన్నా ఇక నమ్మను. మా ఆవిడ నా వంట బాగుందన్నా సరే, రెండోసారి వడ్డించుకుందో లేదో చూసి తీరతాను.