మామయ్య స్వెటర్

నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని కక్కలేక, మింగలేక బతుకుతున్నాను.

మాది మీర్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన ప్రైవేటు బస్సు నడుపుతాడు. వారంలో నాలుగైదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పిల్లలు లేరు. ఇంట్లో నాకు తోడు అత్తమ్మ ఒక్కతే ఉండేది.

ఏటా శివరాత్రి దాటగానే ఆమె స్వెటర్లు, శాలువాలు, రగ్గులు ఉతికి, డాబా మీద ఎండబెట్టి, డాంబరు గోళీలు వేసి ఇనుప పెట్టెలో సర్దేది. దీపావళి కాగానే ఆ పెట్టె మళ్లీ కిందికి దిగేది. అందులో మామయ్య స్వెటర్ ఒకటుండేది. ఆయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ పని చేసేవాడు. తెల్లవారుజామున చలిలో బత్తాయి లారీలు దింపుతాడని అత్తమ్మే దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొన్నదట. ఆయన పోయినా ఏడాదికి రెండుసార్లు దాన్ని ముఖానికి ఆనించుకునేది. ఇంకా బత్తాయి వాసన వస్తుందనేది. నాకెప్పుడూ రాలేదు.

ఒక ఏడాది శివరాత్రి కాగానే ఆమె చుట్టాల పెళ్లికని నల్లగొండ దగ్గర వాళ్ల ఊరికి పోయింది. బట్టలు నేనే సర్దాను. పెట్టె మూత పడటం లేదు. అప్పుడే పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె గల్లీలోకి వచ్చింది. మూత ఉన్న డబ్బా అడిగితే ఇంకొక్క బట్ట వెయ్యమంది. మోచేతుల దగ్గర చిరిగిన ఆ స్వెటర్ తీసి ఇచ్చేశాను.

డబ్బా కోసమేనా? ఇన్నేళ్లూ అలాగే అనుకోవాలని చూశాను. బతికున్న మనిషి కోసం నేను వారమంతా గుమ్మం వైపు చూస్తుంటే, పోయిన మనిషి ఆమెకు అంత దగ్గరగా ఉండటం నాకు గిట్టలేదేమో. అవును, గిట్టలేదు.

దీపావళి వెళ్లాక అత్తమ్మ పెట్టె అడుగు దాకా వెతికింది. మా ఆయన పక్కనే అన్నం తింటున్నాడు.

"బిడ్డా, మామ సూటరేది?"

కోపంగా అడగలేదు. ఊరికే అడిగింది. నిజం చెబితే ఒక పూట ఏడ్చేదేమో. కానీ మా ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. నోటికొచ్చింది అనేశాను.

"మీరే ఇచ్చిన్రు గదా అత్తమ్మా. పోయిన చలికాలం, అడుక్కునే ముసలాయనకు. యాది లేదా?"

"నేనిచ్చిన్నా?"

"నా ముంగటనే ఇచ్చిన్రు."

"వయసు మీద పడ్డది గదనే అమ్మా," అన్నాడు మా ఆయన మెల్లగా.

ఆమె చాలాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "అయితే ఇచ్చిన్నేమో," అంది.

అందరి పుట్టిన నక్షత్రాలు, ఏ బస్సు ఎటు పోతుందో, అన్నీ నోటికి చెప్పే మనిషి. ఆ రోజు నుంచి తనను తాను నమ్మడం మానేసింది. గ్యాస్ కట్టేశానా అని నన్నడిగేది. కట్టేసే ఉండేది. తాళం వేశానా అనేది. వేసే ఉండేది. మరిచిపోకుండా కొంగుకు ముడులు వేసుకునేది. ఒంటరిగా గుడికి పోవడం ఆపేసింది. దవాఖానకు తీసుకుపోతే జ్ఞాపకశక్తికి ఏ ఢోకా లేదన్నాడు డాక్టరు. "ఆయనకేం ఎరుక? ఇంట్ల ఉండి సూస్తున్నది నా కోడలు గదా," అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ తర్వాత ఆమె పెట్టె జోలికి రాలేదు. "నువ్వే సదురు బిడ్డా, నేను ఏడ పెడ్తనో ఏమో," అని గోడకు ఆనుకుని కూర్చునేది. చెప్పడానికి ఆరు చలికాలాలు దొరికాయి నాకు. ప్రతిసారీ రేపనుకున్నాను. ఆరో చలికాలంలో అత్తమ్మ జ్వరంతో చనిపోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నా మతి పోయినా నువ్వు ఇసుక్కోలేదు బిడ్డా," అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

ఇవాళ పొద్దున చలి బట్టలన్నీ మడతపెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండానే చచ్చిపోయేదాన్నేమో. కానీ మొన్న మా ఆయన బండి తాళం కనబడక ఇల్లంతా తిరిగాడు. చివరికి అది చొక్కా జేబులోనే ఉంది. మంచం మీద కూలబడి, "నాక్కూడ అమ్మ లెక్కనే అయితున్నదేమోనే," అన్నాడు. నిజంగా భయపడ్డాడు. నేను చెప్పిన అబద్ధం ఇప్పుడు ఆయన్ని పట్టుకుంది. అప్పుడు కూడా నేను మంచినీళ్లిచ్చి ఊరుకున్నాను.

ఎల్లుండి వస్తాడు. ఆయన ముందు నోరు పెగులుతుందో లేదో తెలియదు. క్షమించమని అడగడానికి అత్తమ్మ లేదు. మిమ్మల్ని అడగడం లేదు. ఒక్కసారైనా ఉన్నదున్నట్టు రాయాలనిపించింది: ఆమె మతికి ఏమీ కాలేదు. ఆమె ఏదీ మరిచిపోలేదు. ఇచ్చింది నేను.

రాశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.