నేను సన్యాసం పుచ్చుకోబోయిన దసరా సెలవులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి చెయ్యాల్సిన అసలు ఉద్యోగం బెళ్ళందూరు వైపు ఏదో అద్దాల బిల్డింగులో, ఏసీ గాలిలో, మన పేరు రాసిన కుర్చీతో సహా మన కోసం కాచుకుని కూర్చుంటుందనీ, అది పిలిచేదాకా చేసే పనులన్నీ బస్టాండులో కూర్చుని పల్లీలు తినడం లాంటివనీ. ఎంసీయే పాసై, అలాంటి ఒక కంపెనీలో ఇంటర్వ్యూ ఇచ్చి, పిలుపు కోసం ఇంట్లో కూర్చున్న నేను, నాన్న స్టీలు సామాన్ల అంగడికి రెండు వీధుల అవతల ఉన్న కాన్వెంటు స్కూల్లో కంప్యూటరు టీచరుగా చేరింది కూడా ఆ పల్లీల లెక్కలోనే. "సుమ్మనే గోడలు చూస్తా కూచునేదానికంటే మేలు గదా, పో" అనింది మా అవ్వ. మాది తరాలుగా బెంగళూరు పాతపేటలో ఉండే తెలుగు కుటుంబం. మా అవ్వకి తిరుపతి వెంకన్న తర్వాత అంత భయభక్తులు ఆ స్కూలు నడిపే సిస్టర్ల మీదే. ఉత్త సిస్టర్ అని పిలవడం అమర్యాద అని ఆమె అభిప్రాయం. అందుకని "సిస్టరమ్మ" అనేది. (అక్కని అమ్మతో కలిపితే ఏమవుతుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.)

స్కూలంతా నడిపేది పెద్ద సిస్టర్. మాట తక్కువ, కళ్ళు ఎక్కువ. ఉదయం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నేనూ మూసుకుని, నాకు వచ్చిన వెంకన్న నామాలు లోపల్లోపలే చదువుకునేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదనుకుని సంతోషపడుతుండగా ఒకరోజు ఆమె నన్ను వరండాలో ఆపి, "నీ పెదాలు మాకంటే ఎక్కువసేపు కదులుతాయి. మీ దేవుడికి పేర్లు చాలా ఉన్నట్టున్నాయి" అని చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె నా ప్రార్థన అయ్యేదాకా ఒక్క క్షణం ఆగి గంట కొట్టించడం గమనించాను.

ఇక అసలు కథకు కారణం గిటార్ సిస్టర్. మంగళూరు నుంచి వచ్చిన చిన్న వయసు ఆవిడ, గిటారు వాయిస్తూ పిల్లలకి పాటలు నేర్పేది. ఆమె నోట్లో పడితే ఏ ఇంగ్లీషు మాటైనా గుండ్రంగా అయిపోయేది. వాటర్ అంటే వోటర్, క్లాస్ అంటే క్లోస్. మేమంతా ఆ గుండ్రాలని లోపలే సరిచేసుకుని అర్థం చేసుకోవడానికి అలవాటు పడిపోయాం. దసరా సెలవులకి ముందు ఒక మధ్యాహ్నం ఆమె స్టాఫ్‌రూములోకి వచ్చి, "జిగణి అవతల మా ఆశ్రమంలో ఆడపిల్లలకి మూడు రోజులు వొకేషన్ క్యాంప్. ఎవరికైనా ఆసక్తి ఉంటే చెప్పండి" అంది. నేను అలవాటు ప్రకారం గుండ్రాన్ని సరిచేసి 'వెకేషన్ క్యాంప్' అని విన్నాను. దసరాకి స్కూలు వాళ్ళే వ్యాను పెట్టి విహారానికి తీసుకెళ్తామంటే ఎవరు కాదంటారు? అందరికంటే ముందు చెయ్యెత్తాను. అంతేకాదు, "నన్ను తప్పకుండా తీసుకెళ్ళండి సిస్టర్!" అని లేచి నిలబడ్డాను.

కన్నడ టీచరమ్మ చేతిలో చాక్‌పీసు కింద పడింది. గిటార్ సిస్టర్ దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వా! ఎప్పట్నుంచి ఈ కోరిక?" అంది.

"చిన్నప్పట్నుంచీ సిస్టర్. ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ పంపలేదు."

"మరి ఇప్పుడు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోవడమేంటి సిస్టర్, మా నాన్న దగ్గరుండి వ్యాను ఎక్కిస్తాడు!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంప్యూటరు టీచర్ని వెంట తీసుకెళ్ళడం అంత ఆనందమా, ఎంత మంచి మనిషి అనుకున్నాను. పెద్ద సిస్టర్ మాత్రం నన్ను పిలిపించి, నా మొహంలోకి కాసేపు చూసి, "నీకు నిజంగా తెలిసే వెళ్తున్నావా?" అని అడిగింది. "తెలుసు సిస్టర్, జిగణి దాకా మా మామ బైకులో పోయుండాను" అన్నాను. ఆమె నిట్టూర్చి, "సరే, వస్తానన్నవాళ్ళని గడప దగ్గర ఆపడానికి మనమెవరం" అని తనలో తాను అనుకున్నట్టు అంది.

ఒక షటిల్ బ్యాట్ల జత, నల్ల కళ్ళద్దాలు, పువ్వుల టోపీ, అవ్వ కట్టించిన పులిహోర (ఆమె మాటలో పులియోగరె) పొట్లం, ఒబ్బట్లు, పెద్ద డబ్బా నిండా చక్కిలాలు. ఇదీ నా సరంజామా. వ్యానులో నాతోపాటు కోలారు, చిక్కమగళూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయిలున్నారు. అందరి ఒళ్ళోనూ ప్రార్థన పుస్తకాలు. పాపం బిడియపడుతున్నారని నేనే అంత్యాక్షరి మొదలుపెట్టాను. వాళ్ళు వంతు వచ్చినప్పుడల్లా స్తోత్రగీతాలే పాడారు. ఏ అక్షరం ఇచ్చినా హల్లెలూయాతోనే ముగుస్తోంది. మళ్ళీ నాకు 'య' వస్తోంది. ఎంతసేపని 'య'తో పాటలు వెతుకుతాను? ఓడిపోయాను.

ఫ్యాక్టరీలు దాటి, లారీలు దాటి, పనసచెట్ల మధ్య ఒక పాత పెంకుటింటి ముందు వ్యాను ఆగింది. దిగగానే ఒక బుట్ట చాపి అందరి ఫోన్లూ తీసుకున్నారు. "రేపు సాయంత్రం దాకా మౌనం" అన్నారు. ఇది కూడా ఏదో ఆటేనేమో అనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర పప్పూ అన్నం చూసి, నంజుకోవడానికి ఉంటుందని చక్కిలాల డబ్బా తెరిచాను. అంత నిశ్శబ్దంలో మా అవ్వ చక్కిలం కొరికితే వచ్చే చప్పుడు మీరు వినాలి. కొండ రాయి పగలగొట్టినట్టు 'కటుక్కు' మంది. నెమ్మదిగా కొరికితే ఇంకా సాగింది. నమలకుండా బుగ్గన పెట్టుకుంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. చివరికి బల్ల చివర కూర్చున్న ముసలి సిస్టర్ ఒకావిడ లేచొచ్చి, నా డబ్బాలోంచి ఒక చక్కిలం తీసుకుని, తన చోటికి వెళ్ళి, నాకంటే గట్టిగా 'కటుక్కు'మనిపించింది. మౌనం మౌనంగానే ఉంది గానీ బల్లంతా భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

ఆవిడే గుంటూరు సిస్టర్. సాయంత్రం ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడేది ఆవిడే. నేను తెలుగు పిల్లనని తెలిసి మొహం వెలిగిపోయింది. కూర్చోబెట్టి, మెల్లగా అడిగింది. "చెప్పమ్మా, నీకు పిలుపు వచ్చిందా?"

నా ఇంటర్వ్యూ సంగతి ఇక్కడిదాకా వచ్చేసిందా అని ఆశ్చర్యపోయాను. "ఇంకా లేదు సిస్టర్. దానికోసమే ఎదురు చూస్తావున్నా."

"తొందరేం లేదమ్మా. కొందరికి ఏళ్ళు పడుతుంది."

"ఏళ్ళా!" నేను కుర్చీలోంచి లేచాను. "దసరా అయ్యేలోపల పిలుస్తామన్నారే!"

"ఎవరన్నారు?"

"హెచ్చార్ మేడమ్."

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "ఆవిడది ఏ మఠం అమ్మా?"

"మఠం కాదు సిస్టర్, బెళ్ళందూరు."

తర్వాత ఆవిడ ఓపిగ్గా ఒక్కో ప్రశ్నే వేసి అసలు సంగతి బయటికి లాగింది. వొకేషన్ అంటే సెలవుల విహారం కాదనీ, దేవుడి పనికి జీవితాన్ని ఇచ్చేయమని లోపల్నుంచి వచ్చే పిలుపనీ, ఇది సిస్టర్లు కాదలచిన అమ్మాయిలు ఆలోచించుకోవడానికి పెట్టిన శిబిరమనీ చెప్పింది. నాకు స్టాఫ్‌రూములో నేను చెప్పిన ఒక్కో మాటా గుర్తొచ్చింది. ఆవిడకేమో నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నా మొహం చూసి మళ్ళీ నవ్వింది.

"రేపు పొద్దున్నే వ్యానులో పంపించేస్తాలే" అంది చివరికి. "కానీ ఒక మాట. ఇక్కడికొచ్చిన పిల్లలు ఎవరూ సన్యాసినులై తిరిగెళ్ళరు. 'నా బతుకుతో నేనేం చెయ్యాలి' అని కాస్త నోరు మూసుకుని ఆలోచించుకోడానికి వస్తారు. ఆ ప్రశ్న అడగడానికి నువ్వు మా మతంలోకి రానక్కర్లేదు. మీ వెంకన్ననే అడుగు. ఉంటే ఉండు, పోతే పో."

ఎందుకో ఉండిపోయాను. ఆలోచించడానికని చెప్పలేను, పనసచెట్ల కింద గాలి బావుందని చెప్పగలను. మర్నాడు మిగతా అమ్మాయిలంతా ధ్యానంలో ఉంటే నాకు ఏం తోచక ఇల్లంతా తిరుగుతుంటే, ఒక మూల గదిలో ఎవరో దానమిచ్చిన కంప్యూటరు గుడ్డ కప్పుకుని కనిపించింది. గుంటూరు సిస్టర్‌ని అడిగితే, "దాన్ని ముట్టుకోవాలంటే మాకందరికీ భయమమ్మా" అంది. అప్పుడు చూశాను ఆవిడ చేతులు వణకడం. ఆ వణుకు వల్ల కలం పట్టుకోలేక, ఊళ్ళో ఉన్న చెల్లెలికి చాలాకాలంగా ఏమీ రాయలేదట. కుర్చీలో కూర్చోబెట్టాను. అక్షరాలు పెద్దవి చేసి, తెలుగు కొట్టడం చూపించాను. వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడేది. 'చెల్లీ' అని కొట్టబోతే 'చల్లీ' అని పడింది. "అది కూడా నిజమే, దానికెప్పుడూ చలే" అంది. చాలాసేపటికి 'చెల్లీ బాగున్నావా' అని తెర మీద నిలబడేసరికి ఆవిడ చంటిపిల్లలా బల్ల మీద రెండు చేతులతో కొట్టింది. ఆ చప్పుడుకి ధ్యానంలో ఉన్న ముసలి సిస్టర్లిద్దరు పరిగెత్తుకొచ్చారు. ఎందుకొచ్చారో మర్చిపోయి మాకూ నేర్పమని కూర్చున్నారు. నాకు ఆకలి కూడా తెలియలేదు.

ఇక్కడ నేను ఇలా ఉండగా, పేటలో పిడుగు పడింది. కుక్కరు కొనడానికి మా అంగడికి వచ్చిన కన్నడ టీచరమ్మ, నాన్నకి చేతులు జోడించి, "ఎంత త్యాగం సార్ మీది! ఉన్న ఒక్క కూతుర్ని దేవుడికి ఇచ్చేశారు!" అందట. "ఏ దేవుడికి?" అన్నాడట నాన్న. ఆవిడ చెప్పింది. మధ్యాహ్నానికి చిన్నాన్న వ్యానులో నాన్నా, అవ్వా, చిన్నాన్నా ఆశ్రమం గేటు ముందు దిగారు.

"మా బిడ్డ ఏడ ఉండాది? ఇప్పుడే పిలవండి!" అని నాన్న అరుస్తుంటే గుంటూరు సిస్టర్ ఎదురెళ్ళి, "లోపలే ఉందండి బాబుగారూ, మా సిస్టర్లకి పాఠం చెబుతోంది. ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండి" అంది. నాన్న అరవడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. "పాఠమా? మీరు గదా ఆమెకి చెప్పల్ల?"

నేను పరిగెత్తుకొచ్చి జరిగిందంతా చెప్పేసరికి చిన్నాన్న గోడవైపు తిరిగి నవ్వాడు. నాన్న మాత్రం ఇంకా అనుమానంగానే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అవ్వ వీళ్ళెవర్నీ పట్టించుకోలేదు. గుంటూరు సిస్టర్‌నే చూస్తోంది.

"సిస్టరమ్మా, తప్పుగా అనుకోవద్దు. నువ్వెందుకిట్లా అయితివి తల్లీ? మీ అమ్మ ఏడ్వలేదా?"

నాన్న "అమ్మా!" అని గదిమాడు. గుంటూరు సిస్టర్ మాత్రం అవ్వ పక్కన బెంచీ మీద కూర్చుంది. "ఏడ్చిందమ్మా. నాన్న అయితే చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నేను పనిచేసే కుష్ఠురోగుల ఆస్పత్రికి ఒకసారి చెప్పకుండా వచ్చాడు. నేను కట్లు కడుతుంటే గుమ్మంలో నిలబడి సాయంత్రం దాకా చూశాడు. వెళ్ళేటప్పుడు 'నీ మొహం బావుంది' అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఇది వదిలేసి ఇంటికి రమ్మనలేదు."

అవ్వ నాచేత ఒబ్బట్ల డబ్బా తెప్పించి, ఒకటి తుంచి, వణుకుతున్న ఆ చేతిలో పెట్టి, తన చెయ్యి దాని మీద అట్లాగే ఉంచింది. నాన్న గ్లాసు కింద పెట్టి లేచి నిలబడి, "గట్టిగా మాట్లాడితిని, మనసులో పెట్టుకోవద్దండమ్మా" అన్నాడు.

సరిగ్గా అప్పుడు బుట్టలో నా ఫోను మోగింది. మా అవ్వకి మోగుతున్న ఫోను చూస్తూ ఊరుకోవడం చేతకాదు. నేను అందుకునేలోపే తీసి, "ఎవరప్పా?" అంది. అవతలి ఇంగ్లీషు కాసేపు విని, "మా పాప మఠంలో ఉండాది" అని చెప్పి పెట్టేసింది. అది ఎవరో నాకు తెలుసు! వరండాలోకి పరిగెత్తి తిరిగి ఫోను చేశాను. హెచ్చార్ మేడమ్ ఎంతో మర్యాదగా, "మీరు మఠంలో చేరారని ఎవరో పెద్దావిడ చెప్పారు. అక్కడ నోటీసు పీరియడ్ ఎంత ఉంటుంది?" అని అడిగింది.

ఆ ఉద్యోగంలో చేరాను. చేరనని చెప్పేంత ధైర్యం అప్పుడు లేదు. అద్దాల బిల్డింగు, ఏసీ, కుర్చీ, అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. మనుషులూ మంచివాళ్ళే. కానీ కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పమన్న రోజున తప్ప, మిగతా రోజుల్లో ఆకలి ఠంచనుగా వేసేది. తర్వాతి దసరాకి అవ్వకి చెప్పాను, స్కూలుకి తిరిగి పోవాలనుందని. "పో మరి. ఎవరు వద్దనింది?" అంది. నాన్న రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు తనే నన్ను స్కూలు గేటు దాకా దింపాడు. పెద్ద సిస్టర్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "పిల్లలు అడుగుతున్నారు" అని లాబ్ తాళంచెవి ఇచ్చింది.

తర్వాత గుంటూరు సిస్టర్ బెంగళూరు వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చేది. అవ్వ చివరి రోజుల్లో ఆవిడ మంచం పక్కన కూర్చుని జపమాల తిప్పుతుంటే, అవ్వ తన నామాలు తను చదువుకునేది. ఎవరిది ముందు అయితే వాళ్ళు రెండోవాళ్ళ కోసం ఆగేవాళ్ళు.

నేనిప్పుడు ఆ స్కూల్లో పాతకాపుని. జుట్టు ముందువైపు తెల్లబడింది, కళ్ళజోడు ముక్కు మీద నిలవదు, తెల్లచీరలు ఉతకడం తేలికని అవే ఎక్కువ కడతాను. నిన్న కొత్తగా చేరిన ఒక చంటిది వరండాలో నా కుచ్చిళ్ళు పట్టుకుని, "సిస్టర్, నా బూటు లేసు ఊడిపోయింది" అంది. నేను సిస్టర్‌ని కాదమ్మా, మిస్‌ని అని చెప్పబోయి, ఎందుకో చెప్పలేదు. అక్కడే గొంతుకూర్చున్నాను. మోకాళ్ళు కాస్త మూలిగాయి, నాకు నవ్వొచ్చింది. "ఏదీ, కాలిటివ్వు తల్లీ" అన్నాను.