ముగ్గులో లేని గుట్ట

నా చిన్నప్పుడు మా ఇళ్లు ఊరికి పైన, గుట్ట మీద ఉండేవి. పుంగనూరు నుంచి వచ్చే బస్సు కింద ఊళ్లోనే ఆగిపోయేది. చెరువు, బడి, అంగడి అన్నీ కిందే. మాకున్నవి గొర్రెలు, రాళ్లు, ఎండాకాలం రాగానే అడుగంటిపోయే ఒక బావి. బావి ఎండితే మా అమ్మా నేనూ ఖాళీ బిందెలతో దిగి, నిండు బిందెలతో గుట్ట ఎక్కాల్సిందే. ఆ బరువుకే నా మెడ పొట్టిదైపోయిందని ఇప్పటికీ నా అనుమానం.

తొంభైల్లో ఒక ఏడాది మా వైపు సర్కారు పథకం వచ్చింది. వాన నీళ్లను పారిపోకుండా ఆపడానికి కట్ట కడతారట, అది ఎక్కడ కట్టాలో జనమే తేల్చుకోవాలట. సర్కారు మనల్ని అడగడమా, చోద్యం కాకపోతే, అని మా తాతయ్య నవ్వాడు. మా అవ్వ మాత్రం ఆశ పెట్టుకుంది. గుట్ట మీద వాన నీళ్లు పారే వంకకు అడ్డంగా కడితే మా బావి ఎండదు. కింది రైతులకేమో చెరువు పక్కనే కావాలి. ఉన్నది ఒక్క కట్ట. అది కింద కడితే మాకు బిందెల మోత తప్పదు.

ఆ పథకం పని మీద మదనపల్లె నుంచి జీపులో ఒక మేడమ్ వచ్చింది. కాగితాలు పరుస్తుందనుకుంటే, బడి ముందర నేల ఊడ్పించి, మీ ఊరిని మీరే గీసి చూపించండి అంది. మగవాళ్లు పుల్లలతో కాసేపు గీకి, వాదులాడుకుని, విసుగొచ్చి బీడీలకు పోయారు. అప్పుడు ఆడవాళ్లు దిగారు. ముగ్గుల్లో మా అవ్వ చేతికి తిరుగులేదని కింది ఊరు కూడా ఒప్పుకునేది. ముగ్గుపిండితో ఇళ్లు, ఇటుకపొడితో దారులు, కానుగాకుతో పొలాలు, నీలిమందు కలిపిన పిండితో చెరువు. అబ్బ, ఏం చెప్పేది! రోజూ తిరిగే ఊరు అలా నా కాళ్ల ముందు పరుచుకుంది. పైన ఎగిరే కొంగలకు మేమిలా కనిపిస్తామా అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

అంతా అయ్యాక, ఎవరింట్లో వాళ్లు నిలబడండి అంది మేడమ్. ముగ్గు తొక్కడమా అని ఆడవాళ్లు వెనకాడారు. ముందుగా ఆమే చెప్పులు విడిచి, బడి గీసినచోట నిలబడింది. ఇంకేం, ఒకరి వెనక ఒకరు నవ్వుకుంటూ వెళ్లి నిలబడ్డారు. నేనూ పరుగెత్తాను. మా ఇల్లు వెతికాను. లేదు. ఇల్లు కాదు కదా, గుట్టే లేదు. తిరిగి చూస్తే మా గుట్టవాళ్లంతా ముగ్గు బయట నిలబడి ఉన్నారు. ఆ ముగ్గు వేసిన మా అవ్వ కూడా.

మేడమ్ మమ్మల్ని అలాగే ఉండనిచ్చింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లోపలివాళ్లు మమ్మల్ని చూశారు, మేము వాళ్లను చూశాం. చివరికి కింది ఊరి పెద్దాయన నోరు విప్పాడు. చెరువు పక్కనే కట్ట కావాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు ఆయనే.

"ఏమ్మా, నీ ఇల్లు యాడ?"

"ఊరు గీయమనిరి గదప్పా. మాది ఊరు యాడయితాది? గుట్ట గదా" అంది అవ్వ, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

 ఎవరో మమ్మల్ని తుడిచేసి ఉంటే కోపమన్నా వచ్చేది. మమ్మల్ని మేమే వేసుకోలేదు. రోజూ 'ఊరికి పోయొస్తాం' అంటూ దిగేవాళ్లం కానీ, ఆ మాటతో మేమే బయట నిలబడుతున్నామని ఒక్కరికీ తట్టలేదు.

"గుట్ట గూడా ఎయ్యమ్మా, సూస్తాం" అన్నాడు పెద్దాయన. గొంతు తగ్గింది.

ఊడ్చిన నేల చాల్లేదు. సైకిళ్లు, బెంచీలు జరిపారు. అవ్వ గుట్ట వేసింది, మా ఇళ్లు వేసింది. పక్కన పుట్టే వంకను నీలం పిండితో వంకర్లు తిప్పుకుంటూ దించి, చెరువులో కలిపింది. ఆ గీత చెరువును తాకగానే అందరూ ముందుకు వంగి చూశారు.

"ఓరి దేవుడా, మన సెరువు నీళ్లు ఈళ్ల వాకిట్లోంచి గదరా వస్తాండాయి!" అన్నాడు పెద్దాయన.

ఆ వంకను పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి ఆయన. అయినా మొదటిసారి చూసినట్టు నిలబడిపోయాడు.  పైన కట్ట కట్టి నీళ్ల వడి తగ్గిస్తే చెరువులో పూడిక కూడా తగ్గుతుందని వాళ్లలో వాళ్లే అనుకోసాగారు. కట్ట గుట్ట మీదే కట్టాలని ఆ పూటే ఒప్పుకున్నారు. మరుసటి ఎండాకాలం మా బావి ఎండలేదు.

ఇప్పుడు మహిళా సంఘాల మీటింగులు నేనే నడుపుతాను. తీర్మానం రాసేముందు లేచి ఒకసారి బయటికి వెళ్లొస్తాను. అరుగు చివరో, గోడ వారనో ఎవరో ఒకామె ఉండనే ఉంటుంది. లోపలికి రావే తల్లీ అంటే, "మాదేముండాదిలేమ్మా, మీరు కానీండి" అంటుంది. ఆమెను చెయ్యి పట్టి లోపలికి తెచ్చుకుని, నా పక్కన కూర్చోబెట్టుకున్నాకే నోరు తెరుస్తాను. మీటింగు ఆలస్యమవుతోందని ఆఫీసర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.