తూము మూల బియ్యం

మామగారు పోయాక పొలం పంచినప్పుడు కాలవ నీళ్లు ముందుగా దిగే మడి మా మరిది బున్-సెంగ్‌కి వచ్చింది. చివరి మడి మా ఆయన మొహాన పడింది. మా ఊళ్లో మొదటి నీళ్లు తాగే మడి ఉన్నవాడు పెళ్లి విందులో కూడా పై వరసలో కూర్చుంటాడు. పెద్దవాడికి రావలసింది చిన్నవాడికెలా పోయిందని నేను అత్తగారిని మొహం మీదే అడిగాను.

"వాడికింకా పెళ్లి కావాలి. ఆ మడి కూడా లేకపోతే ఆ మొహానికి పిల్లనెవరిస్తారే?" అంది.

మొహం సంగతి నిజమే గనక ఊరుకున్నాను.

పిల్లనిచ్చారు. గియోక్-హా అని, పొట్టి మనిషి, నవ్వితే చిగుళ్లన్నీ బయటపడేవి. వచ్చిన వారానికే నన్ను "అక్కా, నువ్వు తిట్టకపోతే నాకు పొద్దు గడవదు" అంది. అలాంటి తోడికోడలితో పోట్లాడటం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలీదు.

బున్-సెంగ్ మాటల మనిషి కాదు. పెళ్లాం పక్కన నడవడానికి కూడా సిగ్గే, నాలుగు అడుగులు ముందు నడిచేవాడు. ఆమె మీద ఉన్నదంతా ఆ మడిలో చూపించాడు. తొలికాన్పు నెల పథ్యంలో నువ్వులనూనె కోడికూరతో పెట్టడానికని తూము పక్క మూల వరి విడిగా కోశాడు, విడిగా నూర్చాడు, విడిగా జాడీలో పోశాడు. మొదటి నీరు, మొదటి ఒండ్రు, అంతకన్నా బలమైన బియ్యం ఉండదని మా వాళ్లందరి నమ్మకం. తక్కినవాళ్లు పథ్యం నెల గడిచాక మానేస్తారు. మా మరిది మానలేదు. కాలవ పూడిక తీసిన ప్రతిసారీ నల్లబురద కావిడితో మోసుకొచ్చి ఆ మూలకే పోసేవాడు. ఆ బియ్యం ఆమెకే. తను, పిల్లలు చిలగడదుంప ముక్కలు కలిపిన మామూలు అన్నం, ముల్లంగి ఊరగాయ.

"మాకూ ఓ గుప్పెడు పెట్టొచ్చుగా మరిదీ" అంటే, "నువ్వు ఆ బియ్యం తిని ఇంకా బలిస్తే మా అన్న బతకడు వదినా" అనేవాడు. ఆయన జన్మకి అదే హాస్యం.

తర్వాత కాలవ పైన కుళాయిలకూ సైకిలు సామాన్లకూ మెరిసే లోహపు పూత పూసే షెడ్లు వెలిశాయి. నీళ్లు ఓ రోజు పచ్చగా, ఓ రోజు పసుపుగా వచ్చేవి. నవ్వుకునేవాళ్లం. వరి మాత్రం నిగనిగలాడుతూ పెరిగేది. నేల చెడితే వరి చావదా? అందరం అలాగే అనుకున్నాం.

నడివయసు దాటాక గియోక్-హాకి ముందు మోకాళ్లు పట్టేశాయి, తర్వాత తుంట్లు. బాతులా నడిచేది. ఓ శీతాకాలం దగ్గు వచ్చి పక్కటెముక విరిగింది. దగ్గితే ఎముక విరగడం ఎక్కడైనా విన్నామా? చాంగ్‌హువా పట్నం ఆస్పత్రిలో డాక్టరు మూత్రపిండాలు పాడయ్యాయన్నాడు. మీది ఏ కాలవ కింద పొలం అని అడిగాడు. బున్-సెంగ్ అక్కడే లేచి నిలబడ్డాడు. "ఎముకల సంగతి చూడమంటే పొలం సంగతెందుకు నీకు?" అని తెల్లకోటాయన మీద అరిచాడు.

అందుకే మట్టి పరీక్షల వాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు, పంట పనికిరాదంటారేమోనని ఊరంతా తలుపులు వేసుకుంటే, వేసుకోనివాడు ఆయనొక్కడే. మడి శుభ్రమని తేలాలి. తేలితే ఆమెది ముసలితనం జబ్బు అవుతుంది. తేలకపోతే ఏమవుతుందో ఆయన పైకి అనలేదు.

వచ్చినది జూ-హ్వే అనే పిల్ల, తైపేలో చదువుకున్న ఇంజనీరు. ఇనప గొట్టాన్ని నేలలో తిప్పి దించి, పైకి లాగి, లోపలి మట్టిని చెక్క గరిటెతో గీకి సంచిలో వేసేది. మడిలో నాలుగైదు చోట్ల తీసి కలిపింది.

"అన్నీ కలిపితే నీకేం తెలుస్తుందమ్మాయ్? మా ఇంటావిడ తినే బియ్యం అక్కడ పండుతుంది. అది చూడు" అని తూము వైపు చెయ్యి చాపాడు.

"అది విడిగా తీస్తాను తాతా. తూము దగ్గర ఎటూ తియ్యాల్సిందే."

"తియ్యి, తియ్యి. వాసన చూడు, వెన్నలా ఉంటుంది!"

నెల దాటాక ఆ పిల్ల మళ్లీ వచ్చింది. టీ పోస్తే ముట్టలేదు. అప్పుడే నాకు అర్థమైంది.

"తాతా, మడి అవతలి అంచు ఫరవాలేదు. మధ్యలో ఎక్కువే ఉంది. తూము మూల చాలా ఎక్కువ. ఆ షెడ్ల నీళ్లలో కాడ్మియం అని ఒక లోహం వస్తోంది, బురదతో పాటు ముందు అక్కడే దిగిపోతుంది."

"అక్కడ వరి అన్నిటికన్నా ఏపుగా ఉంటుంది కదే!"

"వరికి తెలీదు తాతా. వేరుతో లాగి గింజలో పెట్టేస్తుంది. ఆ మూల బియ్యం ఎవరెవరు తిన్నారు? అది రాసుకోవాలి."

బున్-సెంగ్ నడుం నిటారుగా చేశాడు. "మా ఆవిడే. నేనొక్క గింజ ముట్టలేదు. పిల్లలకీ పెట్టలేదు. మొత్తం ఆవిడకే."

గర్వంగానే మొదలుపెట్టాడు. చివరి మాట దగ్గరికొచ్చేసరికి సగం కాలిన సిగరెట్టు ఆర్పేశాడు.

"ఎన్నాళ్ల నుంచి, తాతా?"

ఆరిన సిగరెట్టునే మళ్లీ వెలిగించుకోబోయాడు. లోపలి గదిలోంచి గియోక్-హా గొంతు వచ్చింది. "పెళ్లయినప్పట్నుంచీ అని చెప్పవయ్యా. పాపం పిల్లని ఎంతసేపు కూర్చోబెడతావు?"

ప్రభుత్వం వాళ్లు వచ్చి వరి పీకి తీసుకెళ్లి తగలబెట్టారు. పెద్ద యంత్రం తెచ్చి నేలని లోతుగా తిరగేస్తే కింది పసుపు బంకమట్టి పైకి వచ్చింది. ఆ బియ్యం జాడీని కూడా వాళ్లే మోసుకెళ్లారు. బున్-సెంగ్ పొలం వైపు వెళ్లడం మానేశాడు. పెళ్లాం మంచం పక్కన కూర్చుని జామకాయలు కోస్తూ ఉండేవాడు, ఆమె తినలేకపోయినా సరే.

"నన్ను చంపడానికి ఇన్నేళ్లు పట్టిందా? ఎంత చేతకానివాడివయ్యా" అనేదామె, ఆయన్ని నవ్వించాలని. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వలేదు. నవ్వితే ఎముకలు నొప్పెడతాయని ఆమె కూడా చివరికి ఆ మాట మానేసింది.

వానలు మొదలయ్యే ముందు పోయింది.

పోయినవాళ్ల కాళ్ల దగ్గర పెట్టే అన్నం ఆరుబయటే వండాలి. గిన్నె నిండా కుప్పపోసి, పైన ఉడకబెట్టిన గుడ్డు పెట్టి, అన్నం తినే జత పుల్లలు నిలువుగా గుచ్చాలి. పెట్టకముందు ఎవరూ ఎంగిలి చెయ్యకూడదు. అంగట్లో కొన్న బియ్యంతో నేనే వండాను. బున్-సెంగ్ పొయ్యి పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. మూత తియ్యగానే పొగలు కక్కుతున్న అన్నంలో చెయ్యిపెట్టి ముద్ద నోట్లో వేసుకున్నాడు.

చిన్నమామగారు చేతికర్ర ఎత్తారు. "ఒరేయ్! బుద్ధుందా నీకు? అది నీ పెళ్లానిది!"

"ఈసారి నేను ముందు తింటాను చిన్నాన్నా" అన్నాడు, నోరు కాలుతుండగానే.

నమిలాడు. మింగి, కాసేపు కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నమామగారు కర్ర దించారు. తర్వాత బున్-సెంగ్ ఇక పెట్టొచ్చన్నట్టు నా వైపు తలాడించాడు. గిన్నె నింపి నేను లోపలికి తీసుకెళ్లాను. గుడ్డు జారిపోయింది. తీసి మళ్లీ పెట్టాను.